రెప్ప పైకి లేచేదాకా

శ్రోతలకు నమస్కారం.

ఆడవాళ్లకు ఎడమ కన్ను అదిరితే శుభమంటారు. నాకు అలా అదరడం మొదలైనప్పుడు మొదటి వారం నేనూ అలాగే అనుకున్నాను. నెల గడిచింది. కన్నుతో పాటు చెంప, చెంపతో పాటు పెదవి మూల కూడా లాగడం మొదలైంది. ఎవరితోనైనా మాట్లాడుతుంటే సగం ముఖం దానంతట అది ముడుచుకుపోయేది. నరాల డాక్టరు చూసి, పుర్రె లోపల ఒక రక్తనాళం ముఖానికి వెళ్లే నరాన్ని ఒత్తుతోందన్నారు. ఆ జబ్బు పేరు హెమీఫేషియల్ స్పాజం. ఆపరేషన్ ఒక దారి. రెండో దారి బొట్యులినమ్ టాక్సిన్ ఇంజెక్షన్. మనందరం బొటాక్స్ అనే పేరుతో విన్నది ఈ రకం మందునే.

ముడతలు పోవడానికి వేయించుకునేదిగానే చాలామందికి ఇది తెలుసు. కానీ 1989లో అమెరికాలో దీనికి మొదటి అనుమతి వచ్చింది మెల్లకన్నుకూ, రెప్పలు బిగుసుకుపోయే జబ్బుకూ. కనుబొమల మధ్య ముడతలకు అనుమతి వచ్చింది ఆ తర్వాత, 2002లో. జబ్బు కోసం వేయించుకున్నా, అందం కోసం వేయించుకున్నా, కష్టం వచ్చినప్పుడు ఆ మనిషిని వెక్కిరించకండి. 'ఆ వయసులో నీకెందుకమ్మా' అన్న ఒక్క మాటకు భయపడి ఎందరో బాధను దాచుకుంటారు. ఈ మందు విషయంలో దాచుకోవడం ప్రమాదం.

నాకు రెండుసార్లు చక్కగా పనిచేసింది. మూడోసారి ఇంజెక్షన్ వేయించుకున్న ఐదో రోజు పొద్దున అద్దంలో చూసుకుంటే ఎడమ రెప్ప కనుపాప మీదికి జారి ఉంది. వేలితో ఎత్తితే లేచేది, వదిలితే మళ్లీ జారేది. నోరు పుక్కిలించబోతే నీళ్లు ఎడమ వైపు నుంచి కారిపోయాయి. మా కోడలు చూసి, "అత్తయ్యా, ఇది పక్షవాతమేమో, ఉన్నపళాన వెళదాం పదండి" అంది. ఆ అమ్మాయి చేసింది మంచి పని. ముఖం ఒక పక్కకు జారితే ఇంజెక్షన్ వల్లేలే అని ఇంట్లో మనమే తేల్చుకోకూడదు.

డాక్టరు నా రెండు చేతులూ ఎత్తించారు, మాట్లాడించారు, మంచినీళ్లు తాగించి మింగడం చూశారు. తర్వాత చెప్పారు: "పక్షవాతం కాదమ్మా. రెప్పను పైకి లాగే కండరం ఒకటి ఉంటుంది. మందు కొంచెం పాకి దాన్ని తాకింది. తగ్గిపోతుంది."

"దీనికి విరుగుడు ఏమిటి?" అన్నాను.

"విరుగుడు లేదమ్మా. ఆగాలి."

ఆ మాట వినగానే నాకు కోపం వచ్చింది. వేసేటప్పుడు క్షణం పట్టిన సూది, తీసేయడానికి ఏ సూదీ లేదంటే ఎవరికైనా వస్తుంది. కానీ ఎందుకు ఆగాలో ఆయన ఓపికగా చెప్పారు. అది విన్నాకే నాకు నిద్ర పట్టింది. అదే మీకూ చెబుతాను.

నరం కొస నుంచి ఒక రసాయనం విడుదలైతేనే కండరం కదులుతుంది. ఈ మందు ఆ కొసలోకి దూరి, ఆ విడుదలను ఆపేస్తుంది. కండరం చావదు, నరం చావదు. మధ్యలో కబురు ఆగిపోతుంది, అంతే. పెద్ద కాలువకు అడ్డుకట్ట పడితే రైతు ఊరుకుంటాడా? పక్కన గండి కొట్టి పిల్లకాలువ తవ్వుతాడు. నరమూ అంతే చేస్తుంది. మూసుకుపోయిన కొస పక్కనుంచి సన్నటి మొలకలు వేస్తుంది. ఎలుకల మీద చేసిన ఒక పరిశోధన 1999లో వెలువడింది. అందులో నాలుగు వారాల నాటికి ఆ కొత్త మొలకలే పని నడిపించాయి. సుమారు మూడు నెలలకు పాత కొస మళ్లీ పనిలోకి వచ్చింది, మొలకలు వెనక్కి తగ్గిపోయాయి. కాలువ పారాక పిల్లకాలువ పూడ్చేసినట్టు. నేను ఆగుతున్న రోజుల్లో నా లోపల ఎవరో మట్టి తవ్వుతున్నారన్న ఊహే నాకు ధైర్యం.

ఈలోగా ఆయన ఒక చుక్కల మందు రాశారు, ఆప్రాక్లోనిడిన్. నీటికాసులకు వాడే మందట. రెప్పలో మ్యూలర్ కండరమని చిన్నది ఇంకొకటి ఉంది. దాన్ని కదిలించే రసాయనం వేరు కనుక దీని పని ఆగదు. చుక్క వేస్తే ఆ చిన్న కండరం బిగిసి రెప్పను ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎత్తుతుంది, కొన్ని గంటలు. అది అందరికీ పడే మందు కాదు, డాక్టరు చూసి రాయాల్సిందే. కానీ ఆ ఒకటి రెండు మిల్లీమీటర్లలో నేను పేపరు చదువుకున్నాను.

మిగతా రోజంతా గడ్డం పైకెత్తి నడిచాను. రెప్పను ఎత్తాలని నుదురు కష్టపడేది, సాయంత్రానికి తలనొప్పి. మెట్ల దగ్గర గోడ పట్టుకునేదాన్ని. పోపు పెట్టేటప్పుడు కోడలిని పిలిచేదాన్ని. రెప్పను మూసే కండరమూ బలహీనపడి, కన్ను పూర్తిగా మూతపడక ఎండిపోతుంటే పగలు కృత్రిమ కన్నీటి చుక్కలు, రాత్రి లేపనం. వచ్చినవాళ్లు నూనె మర్దనలు, పసరు వైద్యాలు చెప్పారు. వారి ప్రేమకు దండం పెట్టాను గానీ కన్ను రుద్దనివ్వలేదు.

ఆరో వారంలో ఒక పొద్దున వాకిట్లోంచి లోపలికి వస్తూ గుమ్మానికి కట్టిన మామిడాకుల తోరణం చూశాను. గడ్డం ఎత్తకుండానే చూశాను. అక్కడే నిలబడిపోయాను.

రెప్ప ఆగుతుంది. గొంతు ఆగదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మందు సూది వేసిన చోటు దాటి ఒంట్లోకి పాకవచ్చని 2009లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందులన్నిటి మీదా గట్టి హెచ్చరిక వేయించింది. అలా పాకిన లక్షణాలు గంటల్లో రావచ్చు, వారాల తర్వాతా రావచ్చు. మింగుడు పడకపోయినా, గొంతు మారినా, మాట ముద్దగా వచ్చినా, ఒళ్లంతా నీరసించినా, ఊపిరి బరువైనా రేపటిదాకా చూడకండి, అత్యవసర విభాగానికి వెళ్లండి. అలాంటి తీవ్రమైన స్థితికి యాంటీటాక్సిన్ ఉంది. అది రక్తంలో తిరుగుతున్న విషాన్ని పడుతుంది గానీ నరంలోకి దూరినదాన్ని వెనక్కి తేలేదు. అందుకే గంటలు లెక్క. రెప్ప ఆగుతుంది, గొంతు ఆగదు.

మరొక్క విషయం. 2023 నవంబరు నుంచి 2024 మార్చి దాకా అమెరికాలో 11 రాష్ట్రాల్లో 22 మంది ఆడవాళ్లు నకిలీ మందు వల్లో, సరైన శిక్షణ లేనివారి చేత వేయించుకోవడం వల్లో జబ్బుపడ్డారు. 11 మంది ఆసుపత్రిలో చేరారు. కొందరు ఇళ్లలో, స్పాలలో వేయించుకున్నారు. సీసా మీద ఏముందో చూసే హక్కు మనకుంది. అడగడానికి మొహమాటపడకండి.

నా పర్సులో ఇప్పుడు ఒక కాగితం ఉంటుంది. ఇంజెక్షన్ వేసిన తేదీ. మందు పేరు, ఎందుకంటే ఒక కంపెనీ యూనిట్లు ఇంకో కంపెనీ యూనిట్లతో సమానం కావు. ఎన్ని యూనిట్లు, ముఖం మీద ఎక్కడెక్కడ. సీసా మీది బ్యాచ్ నంబరు. ఎన్నో రోజున ఏం జరిగింది, ఎప్పుడు తగ్గింది. అట్టడుగున ఎర్ర సిరాతో ఒక వాక్యం: జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇచ్చే ముందు ఈ సంగతి చూడండి. అవి ఈ మందు ప్రభావాన్ని పెంచగలవు. జ్వరమొచ్చి వేరే ఊళ్లో వేరే డాక్టరు దగ్గరికి వెళితే నేను చెప్పడం మరచిపోయినా కాగితం చెబుతుంది.

నాలుగోసారి వెళ్లినప్పుడు డాక్టరు ఆ కాగితమే ముందు పెట్టుకుని మోతాదు తగ్గించారు, పై రెప్ప మధ్య నుంచి సూదిని దూరంగా జరిపారు. ఈసారి రెప్ప జారలేదు. ఆ సంగతి కూడా కాగితం మీద రాసుకున్నాను.

నమస్కారం.