అరవై మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు: బస్తీ బడి గంటల లెక్క

బడి యాజమాన్య కమిటీ సభ్యులకు, టీచర్లకు నమస్కారం.

హైదరాబాద్ బస్తీల్లోని సర్కారు ప్రాథమిక బడి అనగానే మార్కుల మాటే వస్తుంది. ముందు గంటల లెక్క చూద్దాం.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు ఉన్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు. కాగితం మీద 30 మందికి ఒకరు, బాగానే ఉంది. కానీ తరగతులు ఐదు. ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు అని అదే చట్టం చెబుతుంది. అంటే రోజుకు నాలుగు గంటలు. ఇద్దరివీ కలిపి ఎనిమిది గంటలను ఐదు తరగతులకు పంచితే ఒక్కో తరగతికి 96 నిమిషాలు. తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అన్నీ అందులోనే. ఒక టీచరు కాంప్లెక్స్ మీటింగుకు (చుట్టుపక్కల బడుల టీచర్ల సమావేశానికి) వెళ్లిన రోజు 48 నిమిషాలే. మిగతా సమయమంతా పిల్లలు బోర్డు చూసి ఎక్కించుకుంటారు. నోటుబుక్కు నిండుతుంది, చదవడం మాత్రం రాదు. తనిఖీకి వచ్చినవాళ్లు చూసేది నోటుబుక్కునే!

టీచర్లను పెంచడం మన చేతిలో లేదు. ఉన్న గంటలో పిల్లల్ని కూర్చోబెట్టే తీరు మార్చొచ్చు. మూడు నుంచి ఐదు తరగతుల వాళ్లను ఒక్కొక్కరిగా పిలిచి అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ వరుసగా చదివించండి. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు. 36 మంది ఉంటే రోజుకు తొమ్మిది మంది చొప్పున నాలుగు రోజుల పని. తర్వాత రోజూ ఒక గంట సేపు ఎవరిది ఏ తరగతి అన్నది పక్కనపెట్టి, చదివే స్థాయిని బట్టి గుంపులు చేయండి. పదాలు రాని గుంపు దగ్గర టీచరు కూర్చోవాలి. ఆరు వారాలకోసారి మళ్లీ చదివించకపోతే ఆ గుంపు పిల్లలకు 'మొద్దులు' అన్న ముద్ర పడి, ఏడాదంతా అక్కడే ఉండిపోతారు.

ఇంకో పొరపాటు: ఇంట్లో ఉర్దూనో మరాఠీనో లంబాడీనో మాట్లాడే పిల్ల తెలుగు పేరాను తడబడకుండా చదివి, అర్థం చెప్పలేకపోతుంది. ఆ పిల్లకు మళ్లీ అక్షరాలు దిద్దించి లాభం లేదు. తెలుగులో మాట్లాడించాలి.

డబ్బు సంగతి. బడులకు నిధులిచ్చే కేంద్ర పథకం సమగ్ర శిక్ష నిబంధనల్లో 31 నుంచి 100 మంది ఉన్న బడికి ఏటా 25,000 రూపాయల గ్రాంటు. పదోవంతు పరిశుభ్రతకు పోగా మిగిలేది 22,500, అంటే 60 మంది బడిలో పిల్లవాడికి 375 రూపాయలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చిన్నచిన్న రిపేర్లు అందులోనే. గోడల మీద రంగురంగుల బొమ్మలకు ఇందులోంచి తీయకండి.

కిరాయి ఇల్లు మారి ఏడాది మధ్యలో వచ్చే పిల్లలు బస్తీ బడికి మామూలే. టీసీ రాలేదని చేర్చుకోవడం ఆపకూడదు, చట్టం ఒప్పుకోదు. చేరిన రోజే ఆ నాలుగు నిమిషాల పరీక్ష పెట్టి గుంపులో కూర్చోబెట్టండి.