"కృష్ణా రామా అనుకుంటూ కూర్చో" అనే మాటే మన పెద్దవాళ్లను మంచాన పడేస్తోంది!

నమస్తే అండి. "60 దాటాయా? మెట్లెక్కకండి, బరువులెత్తకండి, కింద కూర్చోకండి, విశ్రాంతి తీసుకోండి" అని వాట్సాప్‌లో తిరుగుతున్న ఆ మెసేజ్ మీ ఫ్యామిలీ గ్రూపులోకీ వచ్చే ఉంటుంది, కింద అందరూ దండాలు కూడా పెట్టే ఉంటారు. నేను ఒకటే మాట చెప్తాను, వీడియో అయ్యేలోపు మళ్లీ మళ్లీ చెప్తాను. మన పెద్దవాళ్లను వయసు కంటే ముందు కుంగదీసేది మనం ప్రేమగా ఇచ్చే ఈ విశ్రాంతే!

అంత మాట ఎలా అంటారు అంటారా? 1966లో అమెరికాలోని డల్లాస్‌లో 20 ఏళ్ల కుర్రాళ్లు ఐదుగురిని మూడు వారాలు మంచం మీదే ఉంచారు. 30 ఏళ్ల తర్వాత అదే ఐదుగురినీ వెతికి పిలిచి మళ్లీ పరీక్షలు చేస్తే తేలిందేంటో తెలుసా, 30 ఏళ్ల వయసు తీసేసిన దమ్ము కంటే అప్పటి మూడు వారాల మంచం తీసేసిందే ఎక్కువ. అది కుర్రాళ్ల సంగతి. ఇక 2007లో, ఏ రోగమూ లేని పెద్ద వయసు వాళ్లను పది రోజులు మంచం మీద ఉంచి చూస్తే, ఒక్క కాళ్లలోనే దాదాపు కిలో కండ కరిగిపోయింది. పది రోజులకే! మన ఇళ్లలో జ్వరం తగ్గిపోయాక కూడా "నీరసంగా ఉంటావు, లేవకు" అని పడుకోబెట్టేది కూడా అన్ని రోజులే కదండీ.

అమెరికాలో ఉన్న పిల్లలకు ఒక మాట, కోపం తెచ్చుకోకండి. ఆదివారం వీడియో కాల్‌లో "అమ్మా, నువ్వు ఏ పనీ పెట్టుకోకు, వంటకి మనిషిని పెట్టుకో, కూరగాయలు ఇంటికే తెప్పించుకో" అంటారు. ప్రేమే, కాదనను. కానీ ఆవిడ సంచి పట్టుకుని రైతుబజారుకు వెళ్లి, బేరమాడి, రెండు కిలోల టమాటాలు మోసుకుని రెండో అంతస్తు ఎక్కేదే, అదే ఆవిడ జిమ్ము. దాన్ని మీరే మూసేశారు. తర్వాత ఆరు నెలలకి "అమ్మ బాత్రూంలో జారిపడింది, తుంటి ఎముక విరిగింది" అని ఫోను వస్తుంది. ఎముక గురించి అందరూ మాట్లాడతారు, ఆ రోజు పట్టు తప్పినప్పుడు నిలబెట్టాల్సిన తొడ కండ ఏమైందని అడిగేవాళ్లు లేరు.

"ఈ వయసులో కండేంటండీ, పోయింది రాదు" అంటారు. పచ్చి అబద్ధం! 1990లో బయటికొచ్చిన బోస్టన్ అధ్యయనం చూడండి. సంరక్షణ కేంద్రంలో ఉంటున్న బాగా బలహీనమైన వృద్ధులు పదిమంది, సగటు వయసు 90. ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు, అదీ తేలికపాటివి కాదు. కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. 90 ఏళ్లకండీ! మరి 62 ఏళ్ల మీ నాన్నగారికి ఏమైంది?

మన దగ్గరే చిలుకూరి శాంతమ్మ గారున్నారు, విజయనగరంలో యూనివర్సిటీ పిల్లలకు 90 దాటాక కూడా ఫిజిక్స్ చెప్పారు. మోకాళ్లకు ఆపరేషన్ అయింది, ఊతకర్రలతో నడుస్తూనే క్లాసుకి వెళ్లారు. ఆవిణ్ని కూడా ఎవరో ఒకరు "ఇంక చాల్లేమ్మా" అనే ఉంటారు.

మోకాళ్లంటే గుర్తొచ్చింది. "గుజ్జు అరిగిపోయిందట, ఇక కదలకూడదట" అని కుర్చీకి అతుక్కుపోతారు. మోకాలి అరుగుదలకు డాక్టర్లు ముందుగా చెప్పే వాటిలో వ్యాయామం ఉంటుంది. తొడ కండ గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. కదలడం మానేస్తే ఆ కండ కూడా పోయి నొప్పి ఇంకా పెరుగుతుంది.

తిండి సంగతి కూడా అంతే. "పెద్దవాళ్లం, తేలిగ్గా తింటాం" అని పొద్దున రెండు ఇడ్లీ, మధ్యాహ్నం చారన్నం, రాత్రి మజ్జిగలో ఇంకాస్త అన్నం. ఆ రెండు ఇడ్లీలు కలిపినా ఒక్క గుడ్డంత ప్రొటీన్ రాదు! 60 కిలోల మనిషికి ఈ వయసులో రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీన్ పడాలి. పప్పు గరిట పెద్దది చేయండి, పెరుగు గట్టిగా వేయండి, తినేవాళ్లయితే గుడ్డు పెట్టండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగాకే.

ఇప్పుడు వీడియో పాజ్ చేసి, చేతులు లేని గట్టి కుర్చీని గోడకి ఆనించి అమ్మానాన్నల్ని కూర్చోబెట్టండి. చేతులు రెండూ గుండెల మీద కట్టుకుని, 30 సెకన్లలో పూర్తిగా లేచి కూర్చోవడం ఎన్నిసార్లో లెక్కపెట్టండి. పక్కనే నిలబడండి, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉన్నవాళ్లతో మాత్రం చేయించకండి. 65 నుంచి 69 ఏళ్ల ఆడవాళ్లు 11 కంటే, మగవాళ్లు 12 కంటే తక్కువ చేస్తే కాళ్ల బలం తగ్గినట్టే. ఎన్నొచ్చాయో వయసుతో సహా కామెంట్లో రాయండి, తక్కువ వచ్చినవాళ్ల కోసం ఇంట్లోనే చేసుకునే కాళ్ల వ్యాయామాలు వచ్చే వీడియోలో చేసి చూపిస్తాను.