"వేర్"కి వ్యతిరేకం ఏంటి? మా మేనకోడలికి పోయిన సగం మార్కు కథ

నమస్తే అండి. హన్మకొండ నుంచి మళ్ళీ మీ ముందుకు వచ్చాను. ఈసారి వీడియోకి కారణం మా అక్క బిడ్డ. ఆరో తరగతి. మొన్న ఇంగ్లిష్ యూనిట్ టెస్ట్ పేపర్ తెచ్చి నా ముందు పడేసింది. "మామా, నువ్వే చెప్పు, నాది తప్పా?" అని.

చూశాను. వ్యతిరేక పదాలు రాయమన్నారు. కమ్‌కి గో, బైకి సెల్, లాక్‌కి అన్‌లాక్. అన్నీ రైటే. నాలుగోది "వేర్", అదే, బట్టలు వేసుకోవడానికి వాడే మాట. అమ్మాయి "అన్‌వేర్" అని రాసింది. టీచర్ ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన "రిమూవ్" అని రాశారు. సగం మార్కు పోయింది.

తప్పేనమ్మా, అన్నాను. "అన్‌వేర్" అని ఇంగ్లిష్ వాళ్ళు ఎవరూ అనరు. కానీ పిల్ల లెక్క చూడండి. లాక్‌కి అన్‌లాక్, టైకి అన్‌టై, డ్రెస్‌కి అన్‌డ్రెస్, చివరికి బటన్‌కి కూడా అన్‌బటన్ ఉంది. మరి వేర్ ఏం పాపం చేసింది?

ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఈ "అన్" అనేది జరిగిన పనిని వెనక్కి తిప్పుతుంది. ముడి వేశారు, విప్పారు. తాళం వేశారు, తీశారు. వేర్ మాత్రం ఎక్కువగా పనిని కాదు, ఉన్న తీరును చెబుతుంది. "షి ఈజ్ వేరింగ్ ఎ రెడ్ శారీ" అంటే ఎర్ర చీర ఆమె ఒంటి మీద ఉంది, అంతే. కట్టుకునే పని నడుస్తుంటే దానికి వేరే మాట: "పుట్ ఆన్". ఉన్న తీరుని ఎక్కడికని వెనక్కి తిప్పుతాం?

మనం ఇక్కడే బోల్తా పడతాం, ఎందుకంటే తెలుగులో రెండింటికీ ఒకటే మాట సరిపోతుంది. "కళ్ళద్దాలు పెట్టుకున్నాడు" అంటే ఇప్పుడే పెట్టుకున్నాడా, పొద్దున్నుంచీ ఉన్నాయా? రెండూ కావచ్చు. అందుకే బయల్దేరే ముందు ఫోన్‌లో "ఐ యామ్ వేరింగ్ మై షూస్, టూ మినిట్స్" అంటాం. అవతల ఇంగ్లిష్ మనిషి ఉంటే, బూట్లు కాళ్ళకే ఉన్నాయంటున్నాడు, మళ్ళీ రెండు నిమిషాలు దేనికి అనుకుంటాడు. అక్కడ అనాల్సింది "పుటింగ్ ఆన్".

సరే, పుట్ ఆన్‌కి వ్యతిరేకం "టేక్ ఆఫ్". ఇది ఖాయం. చొక్కా, బూట్లు, వాచీ, కళ్ళద్దాలు, అన్నిటికీ నడుస్తుంది. (విమానం ఎగరడం కూడా టేకాఫే. మామునూరులో ఆ టేకాఫ్ కోసం మన వరంగల్ వాళ్ళు ఎదురుచూస్తూనే ఉన్నారు, అది వేరే వీడియో.) జాగ్రత్త, "టేక్ ఔట్ యువర్ షూస్" అంటే మాత్రం బూట్లను డబ్బాలోంచి బయటికి తీయమని. వేర్‌కి అచ్చంగా వ్యతిరేకం కావాలంటే "వితౌట్" దగ్గరికి వెళ్ళాలి. కాజీపేట చౌరస్తాలో పోలీసాయన ఫోటో కొట్టేది దాన్నే. హెల్మెట్ మీరు ఎప్పుడు తీశారో ఆయనకు అక్కర్లేదు, తల మీద లేదు, అంతే.

మరి టీచర్ రాసిన రిమూవ్? తప్పు కాదు. కానీ అది నోటీసు బోర్డు మీది భాష. ఇంటికొచ్చిన చుట్టంతో "బూట్లు తొలగించుము" అంటే ఎలా ఉంటుంది? మాట్లాడేటప్పుడు రిమూవ్ అలాగే వినిపిస్తుంది.

ఇప్పుడు మన వైపు చూద్దాం. మా అమ్మమ్మ చీర కట్టుకుంటుంది, రవిక తొడుక్కుంటుంది, గాజులు వేసుకుంటుంది, బొట్టు పెట్టుకుంటుంది, చలికి శాలువా కప్పుకుంటుంది. మా తాత రుమాలు చుట్టుకునేవాడు. ఇంగ్లిష్‌లో వీటన్నిటికీ వేర్ ఒక్కటే. మన దగ్గర తీసేటప్పుడు కూడా అంతే: అంగీ విప్పుతాం, వాచీ తీస్తాం, చెప్పులు విడుస్తాం. "చెప్పులు బయట ఇడువు బిడ్డా" అంటుంది మా అమ్మమ్మ. ఉతకాల్సినవి ఇడిసిన బట్టలు. ఈ విడవడానికి ఇంగ్లిష్‌లో దగ్గరి మాట రిమూవ్ కాదు, "లీవ్". "లీవ్ యువర్ షూస్ ఎట్ ది డోర్" అంటారు వాళ్ళు. 1163లో కట్టిన వేయిస్తంభాల గుడి ముందు మనం చేసేది కూడా అదే, విడిచి లోపలికి పోతాం.

ఒక సంగతి చెప్పాలి. పోయినేడు మా అత్తమ్మకు మోకాలి నొప్పి ఉంటే ఎమ్మారై తీయించడానికి స్కానింగ్ సెంటర్‌కు తీసుకెళ్ళాం. లోపల పెద్ద అయస్కాంతం ఉంటుంది కదా, అక్కడి అబ్బాయి "మెటల్ ఏమున్నా రిమూవ్ చేయాలమ్మా" అన్నాడు. కమ్మలు తీసింది, గాజులు తీసింది, మెట్టెలు కూడా తీసి నా భార్య చేతిలో పెట్టింది. పుస్తెలతాడు దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ అబ్బాయి ఇంకోసారి రిమూవ్ అన్నాడు. మా మామయ్య బయట నిక్షేపంగా చాయ్ తాగుతున్నాడు, ఈమె కళ్ళల్లో మాత్రం నీళ్ళు. నా భార్యకు ముందే తెలుసు, బ్యాగులోంచి పసుపుకొమ్ము కట్టిన దారం తీసి ముందు అది మెడలో కట్టింది. ఆ తర్వాత "పుస్తెలతాడు జర పక్కకు పెట్టు అమ్మా" అంది. తీయి అనలేదు. అక్కడ వేర్‌కి వ్యతిరేకం "పక్కకు పెట్టడం".

మన ఇళ్ళల్లో ఈ అలవాటు ఉంది. అసలు వ్యతిరేక పదం నోటికి రానివ్వరు. దీపం ఆరిపోయింది అనరు, కొండెక్కింది అంటారు. బియ్యం అయిపోతే "నిండుకున్నాయి". డబ్బా ఖాళీ, మాటేమో నిండు!

నవ్వకండి, వేర్ కూడా ఇదే పని చేస్తుంది. టైరు అరిగితే దాన్ని వేర్ అంటారు, చినిగేదాకా వాడిన బట్ట "వోర్న్ ఔట్". కానీ "దిస్ క్లాత్ వేర్స్ వెల్" అంటే ఈ బట్ట బాగా మన్నుతుంది అని. అరగడం అదే, మన్నడం అదే. అంటే వేర్‌కి ఒక వ్యతిరేకం వేర్‌లోనే కూర్చుంది. ఆరో తరగతి పేపర్‌లో ఇది రాస్తే ఎన్ని మార్కులు వేస్తారో!

పాతకాలపు ఇంగ్లిష్‌లో ఇంకో జంట ఉంది: వేసుకోవడానికి డాన్, తీయడానికి డాఫ్. ముంబై డాన్ కాదండి. "డూ ఆన్" కలిసిపోయి డాన్, "డూ ఆఫ్" కలిసిపోయి డాఫ్. ఇవాళ డాఫ్ ఎక్కువగా టోపీకే మిగిలింది, కానీ మనకు కొత్త కాదు. వరంగల్ అంటే 1934 నాటి ఆజంజాహి మిల్లు ఊరు. నూలు మిల్లుల్లో దారం నిండిన బాబిన్లు తీసి ఖాళీవి పెట్టడాన్ని డాఫింగ్ అంటారు, ఆ పని చేసేవాళ్ళు డాఫర్లు. మళ్ళీ కరోనా కాలంలో ఈ మాట ఆస్పత్రుల్లో వినిపించింది. పీపీఈ కిట్ వేసుకునే చోటు డానింగ్, తీసే చోటు డాఫింగ్. నర్సులను అడగండి, వేసుకోవడం కంటే తీయడానికే టెన్షన్ ఎక్కువ అంటారు. వైరస్ ఉండేది కిట్ బయటి వైపు. అందుకే గ్లవుజులు ముందు, మాస్క్ ఆఖరున, మధ్యమధ్యలో చేతులు శుభ్రం చేసుకుంటూ.

ఒక్క ముక్క, ఆదివారం చికెన్ షాపుకి పోయేవాళ్ళ కోసం. డ్రెస్‌కి వ్యతిరేకం అన్‌డ్రెస్ అని చదువుకున్నాం కదా. మరి షాపు బోర్డు మీద "డ్రెస్‌డ్ చికెన్" అంటే? ఈకలన్నీ పీకేసిన కోడి.

ఇదంతా మా మేనకోడలికి చెప్పాను. వేర్‌కి వ్యతిరేకం టేక్ ఆఫ్ అని రాసుకో, కానీ అసలు ఆ ప్రశ్నే సరిగ్గా లేదు, వాక్యం ఇచ్చి అడగాల్సింది అని కూడా చెప్పాను. శ్రద్ధగా విన్నది, నోట్‌బుక్‌లో రాసుకున్నది. తెల్లారి పొద్దున స్కూల్ ఆటో వచ్చి గేటు ముందు హారన్ కొడుతోంది. ఈమె ఒక కాలికి సాక్సు, ఇంకో కాలు ఖాళీ, గుమ్మంలోంచి అరుస్తోంది:

"అంకుల్, వన్ మినిట్! ఐ యామ్ వేరింగ్ మై షూస్!"