రన్‌వే మీద మాధాపర్ ఆడవాళ్లు
(తిరుపతిలో ఎన్.ఎస్.ఎస్. విద్యార్థినులతో మాట్లాడినప్పటి ప్రసంగ పాఠం)

అమ్మాయిలూ, అందరికీ నమస్కారం.

యుద్ధంలో సాయానికి వెళ్లిన ఆడవాళ్లంటే మనకు ముందు నర్సులే గుర్తొస్తారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎల్సీ నాకర్, మైరీ చిజమ్ అని ఇద్దరు బెల్జియంలోని పెర్వైజ్ ఊళ్లో, సైనికులు పోరాడే కందకాలకు (ట్రెంచ్‌లకు) బాగా దగ్గరగా, ఓ ఇంటి నేలమాళిగలోనే చికిత్స మొదలుపెట్టారు. గాయపడ్డవాళ్లు ఆస్పత్రికి చేరేలోపే దారి కుదుపులకు ప్రాణం వదులుతున్నారని చూసిన ఎల్సీ, వైద్యమే వాళ్ల దగ్గరికి పోవాలని పట్టుబట్టింది. గొప్ప మనసు. ఇద్దరికీ పతకాలు కూడా వచ్చాయి.

ఈరోజు నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది మాత్రం మన దేశపు పల్లెటూరి ఆడవాళ్ల గురించి.

1971 డిసెంబర్. గుజరాత్‌లోని భుజ్ వైమానిక స్థావరం మీద పాకిస్తాన్ విమానాలు బాంబులు వేశాయి. రన్‌వే గుంతలు పడిపోయింది. అది బాగుపడితే తప్ప మన విమానాలు ఎగరలేవు. పని చేయడానికి మనుషులు చాలలేదు. అప్పుడు పక్కనున్న మాధాపర్ గ్రామం నుంచి దాదాపు 300 మంది ఆడవాళ్లు వచ్చారు. పిల్లల్ని ఇరుగుపొరుగు ఇళ్లలో వదిలి వచ్చిన తల్లులున్నారు వాళ్లలో.

మన తిరుపతిలో మేడ కట్టే ప్రతిచోటా నెత్తిన తట్ట పెట్టుకుని మెట్లెక్కే ఆడవాళ్లు కనిపిస్తారు కదా. అక్కడ జరిగిందీ అలాంటి చాకిరీయే, కాకపోతే పైన శత్రు విమానాలు. పై నుంచి కనపడకుండా రన్‌వే మీద పేడ పూశారు. ఆకుపచ్చ చీరలు కట్టుకున్నారు. సైరన్ మోగగానే పరుగెత్తి పొదల్లో దాక్కునేవాళ్లు. ఆగగానే మళ్లీ పనిలోకి.

ఆ 'మళ్లీ' దగ్గరే నా మనసు ఆగిపోతుంది. మొదటిసారి రావడానికి ఆవేశం చాలు. బాంబులు పడేది ఇక్కడేనని కళ్లారా చూశాక కూడా పొదల్లోంచి లేచి అదే చోటికి నడిచారే, దాన్ని మించిన ధైర్యం నాకు తెలియదు. వాళ్లకు యూనిఫాం లేదు, శిక్షణ లేదు, చేతిలో ఆయుధం లేదు.

72 గంటల్లో రన్‌వే సిద్ధమైంది, విమానాలు ఎగిరాయి. తర్వాత ప్రభుత్వం 50,000 రూపాయలు బహుమానంగా ఇస్తే, దాన్ని కూడా ఊరి కమ్యూనిటీ హాలుకే ఇచ్చేశారు.

మాధాపర్‌లో వీరాంగన స్మారకం వచ్చింది 2015లో. అంటే 44 ఏళ్లకు. ఈ ఆలస్యం నన్ను నిజంగా బాధపెడుతుంది.