రహీం సాబ్‌కి ఒక్క ముక్క చాలదు

నమస్కారం అండి. 2023 ఫిబ్రవరి 16న తులసీదాస్ బలరామ్ గారు కోల్‌కతాలో కన్నుమూశారు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు. మన దేశం తరఫున రెండు ఒలింపిక్స్ ఆడిన ఫుట్‌బాలర్. ఆ మర్నాడు ఆయన మీద వచ్చిన నివాళులు దొరికినన్ని ముందేసుకుని కూర్చున్నాను. చదువుతూ పోతుంటే ఒక మాట మళ్లీ మళ్లీ తగిలింది. "సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో." అప్పట్లో మన జాతీయ జట్టు కోచ్ ఆయన. అంతే, ఆ ఒక్క ముక్కే. వెంటనే కథ మళ్లీ బలరామ్ దగ్గరికి వెళ్లిపోతుంది.

అంతకు ముందు మూడేళ్లుగా ఇదే జరుగుతోంది. 2020 మార్చిలో ఆ జట్టు ఫుట్‌బాలర్ పీకే బెనర్జీ పోయారు, ఏప్రిల్ చివరి రోజున ఇంకో ఆటగాడు చునీ గోస్వామి. 2021 ఆగస్టులో రహీం గారి సొంత కొడుకు, 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్న ఎస్.ఎస్. హకీం. 2022 ఆగస్టులో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టు కెప్టెన్ బద్రూ బెనర్జీ. ఒక్కొక్కరూ వెళ్లిపోతుంటే ఒక్కో నివాళిలో రహీం సాబ్ ఒక్కో ముక్కగా వచ్చి పోతున్నారు. ఆ ముక్కలో ఏముందో ఇవాళ విప్పి చూద్దాం. ఎందుకంటే ఆయన చేసిన పనంతా అక్కడే దాక్కుని ఉంది.

రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివి బళ్లో పంతులయ్యారు. 1943 నుంచి పోయేవరకూ హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి ఆయనే. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే పెద్ద టోర్నీ రోవర్స్ కప్ గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బులు ఏలుతున్న రోజులవి. అప్పట్లో ఒక పోలీసు జట్టు బొంబాయి వెళ్లి ఐదేళ్లు కప్పు వదలకపోవడం చిన్న సంగతి కాదు. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీలో కూడా హైదరాబాద్ వరసగా రెండుసార్లు విజేత. తర్వాత రాష్ట్రాలు మారాయి, ఆ జట్టు పేరూ మారింది. "హైదరాబాద్" అనే ఆ పేరుతో పాటు ఆయన జ్ఞాపకం కూడా కొంత పోయిందని నాకు అనిపిస్తుంది.

ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. నన్ను పట్టుకున్నది వేరే సంగతి.

రహీం సాబ్ హైదరాబాద్‌లో కొన్ని వింత టోర్నీలు పెట్టేవారు. ఒకదానిలో అసలు డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలితో తోసుకుంటూ పోవడం, చేయకూడదు. బంతి కాలికి తగిలిందా, వెంటనే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇంకోదానిలో చేతకాని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం కుర్రాడు మ్యాచంతా ఎడమ కాలితోనే కొట్టాలి. ఒక్కసారి ఊహించుకోండి. బంతి ఎటో పోతుంది, గట్టు మీద కూర్చున్నవాళ్లు నవ్వుతారు, కుర్రాడికి ఏడుపొస్తుంది. అలా వారాలు గడిచాక ఒక రోజు బంతి ఎడమ వైపు వస్తుంది, వాడు ఆలోచించకుండానే ఎడమ కాలితో పాస్ ఇచ్చేస్తాడు. ఆ పాస్ ఏ స్కోరుబోర్డు మీదా ఎక్కదు. దాన్నుంచి గోల్ వస్తే కొట్టినవాడి పేరే ఎక్కుతుంది. అదే న్యాయం కూడా. కానీ ఆ ఎడమ కాలు ఎవరిది?

బలరామ్ సంగతే తీసుకోండి. ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేవంటే సైకిల్ అద్దె రహీం సాబే ఇచ్చారని బలరామే చెప్పుకున్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ మొత్తం మూడు గోల్స్ కొట్టింది. హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి, రెండూ బలరామ్‌వి. మూడోది ఫ్రాన్స్ మీద పీకేది. ఆ రోమ్ గోల్స్ లెక్కలో సైకిల్ అద్దె ఎక్కడ రాస్తాం చెప్పండి?

నివాళుల్లో నాకు బాధనిపించే ఇంకో విషయం, ఓటముల్ని తీసేస్తారు. పోయినవాళ్ల గురించి చెడు చెప్పకూడదనే మన మర్యాద. ఆ మర్యాద వల్ల కోచ్‌లకు అన్యాయం జరుగుతోంది. 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో మనం 10-1తో ఓడాం. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. కోచ్ రహీం సాబే. నాలుగేళ్ల తర్వాత, 1956 మెల్‌బోర్న్. హంగరీ రాకపోవడంతో మొదటి రౌండ్ ఆడకుండానే దాటాం, అది కూడా చెప్పుకోవాలి. తర్వాత ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో కొట్టాం, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. సెమీఫైనల్లో ఎదురుగా మళ్లీ అదే యుగోస్లావియా. రెండో సగంలో నెవిల్ గోల్‌తో మనమే ముందున్నాం! చివరికి 4-1తో ఓడాం. నివాళిలో "నాలుగో స్థానం" అని రాసి ముందుకెళ్లిపోతారు. నేనైతే 10-1 నుంచి 4-1 దాకా ఉన్న ఆ నాలుగేళ్ల గురించి రాయమంటాను. హెల్సింకీని కొట్టేస్తే మెల్‌బోర్న్ ఏదో అదృష్టంలా కనిపిస్తుంది.

ఇక జకార్తా, 1962 ఆసియా క్రీడలు. అప్పటికే రహీం సాబ్‌కి క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. బయట చూస్తే, ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని మన ప్రతినిధి సోంధీ తప్పుబట్టారని ఊరంతా మన మీద కోపంగా ఉంది. జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆయన డిఫెండర్. మామూలుగా అయితే ఏం చేస్తారు? పక్కన కూర్చోబెడతారు. రహీం సాబ్ ఆయన్ని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. సెమీఫైనల్లో జర్నైల్ గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్, దాదాపు లక్ష మంది మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు, అదే దక్షిణ కొరియా. పీకే ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1. బంగారు పతకం.

తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న రహీం సాబ్ వెళ్లిపోయారు. 53 ఏళ్లు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు బంగారు పతకం రాలేదు.

బతికుండగా ఆయనకు పద్మ పురస్కారం రాలేదు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైందే 1985లో. ఈ మాట అనగానే చర్చంతా అవార్డుల మీదకు మళ్లుతుంది. బలరామ్ పోయినప్పుడూ అంతే, పద్మశ్రీ ఇవ్వలేదన్న బాధతోనే సగం నివాళి అయిపోయింది. ఆ బాధ నిజమే, నాకూ ఉంది. కానీ ఆ మనిషి ఏం చేశాడో చెప్పాల్సిన చోట, ఆయనకు ఏం ఇవ్వలేదో చెప్పి ఊరుకుంటున్నాం. 2024లో రహీం సాబ్ జీవితం మీద హిందీ సినిమా వచ్చింది, చాలామందికి ఆ పేరు అప్పుడే తెలిసింది. నాకు చాలా సంతోషమేసింది. అయినా సినిమాకి ఫైనల్ కావాలి, చేతకాని కాలి టోర్నీతో పనిలేదు.

మా ఊళ్లో మాకు వాలీబాల్ నేర్పిన సార్ పోయినప్పుడు జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది. "విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు మృతి." కింద ఎవరెవరు సంతాపం తెలిపారో వాళ్ల పేర్లు. సార్ గురించి ఒక్క వాక్యం లేదు. సర్వీస్ నెట్ దాటని పిల్లల్ని ఆయన నెట్‌కి దగ్గరగా నిలబెట్టేవారు. వారానికి ఒక అడుగు వెనక్కి జరిపేవారు, మాకు తెలియకుండా, సుద్దముక్కతో గీత మార్చేసి. ఒకరోజు చూసుకుంటే అందరం అసలు గీత దగ్గరే ఉన్నాం. ఈ సంగతి ఆ వార్తలో ఉండాల్సిందని నాకు ఇప్పటికీ ఉంటుంది. రాసినతను అడగలేదు, మేమూ చెప్పలేదు.

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. మీ ఇంట్లో, మీ వీధిలో ఎనభై దాటిన పెద్దవాళ్లు ఎవరైనా సిటీ పోలీస్ జట్టు ఆట కళ్లారా చూసి ఉంటే, ఈ ఆదివారం వెళ్లి వాళ్ల పక్కన కూర్చోండి, ఫోన్‌లో రికార్డు చేయండి. గోల్స్ సంగతి నాకు పుస్తకాల్లో దొరుకుతుంది. రహీం సాబ్ ఎక్కడ నిలబడేవారు, కుర్రాడు తప్పు చేస్తే అరిచేవారా, పిలిచి మెల్లిగా చెప్పేవారా, ఆ చేతకాని కాలి మ్యాచుల్లో వాళ్లు కూడా ఆడారా, అవి అడగండి. అడిగి నాకు పంపండి.