రెస్పాండెంట్ కాలమ్‌లో ‘నిల్’

(పింఛనుదారుల నెలవారీ సమావేశంలో ఒక విశ్రాంత శిరస్తాదారు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ ‘న్యాయకోవిదులు’ అన్నారు. అంత లేదండీ. నేను సివిల్ కోర్టులో గుమాస్తాగా చేరి, 31 ఏళ్ళు చేసి, శిరస్తాదారుగా, అంటే కోర్టు ఆఫీసు పెద్దగుమాస్తాగా, రిటైరైనవాణ్ణి. తీర్పులు రాసింది జడ్జీలు, వాదించింది ప్లీడర్లు. నేను కట్టలు విప్పాను, కట్టాను. కాకపోతే కట్ట విప్పేవాడికి కొన్ని సంగతులు తెలుస్తాయి. అవే చెప్తాను.

మన వయసువాళ్ళకి పనికొచ్చే విషయం అన్నారు కాబట్టి, మనిషి పోయాక వచ్చే కేసుల గురించి మాట్లాడతాను. మామూలు దావాలో ఒకడు వాది, ఒకడు ప్రతివాది ఉంటారు. సక్సెషన్ సర్టిఫికెట్ కోసం వేసే ఓపీలో, అంటే ఒరిజినల్ పిటిషన్‌లో, చాలాసార్లు పిటిషనర్ కింద భార్యా పిల్లల పేర్లుంటాయి, రెస్పాండెంట్ అన్నచోట ‘నిల్’ అని ఉంటుంది. ఎదుటివాడు లేని కేసు. అయినా కోర్టు పేపర్లో ప్రకటన వేయిస్తుంది. ఆ వాయిదా రోజున దఫేదారు, అంటే కోర్టు బంట్రోతు, వరండాలోకి వచ్చి, ఫలానావారి ఆస్తి విషయంలో అభ్యంతరం ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని మూడుసార్లు కేకేస్తాడు. ఎవరూ రారు. చెట్టు కింద టీ తాగేవాళ్ళు ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ తాగుతారు. ‘పిలిచాం, ఎవరూ లేరు’ అని డాకెట్‌లో, అంటే కేసులో ఏ రోజు ఏం జరిగిందో రాసే కాగితంలో, రాసుకుంటాం. నా సర్వీసంతా ఆ కేక వింటూనే ఉన్నాను. దాని విలువ ఏమిటో ఒక కేసులో తెలిసింది. అది చివర్లో చెప్తాను.

ముందు ఒక అపోహ. సక్సెషన్ సర్టిఫికెట్ వస్తే ఆస్తి మనదైపోయినట్టు అనుకుంటారు. కాదు. అది 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద ఇచ్చే కాగితం. అప్పులు, సెక్యూరిటీలకే పనికొస్తుంది. అప్పులంటే పోయినాయన చేసినవి కావు, ఆయనకు రావలసినవి. బ్యాంకులో డిపాజిట్ ఉందంటే బ్యాంకు ఆయనకు బాకీ ఉన్నట్టు లెక్క. ఆ బాకీ ఎవరికి చెల్లిస్తే తన నెత్తిన భారం దిగుతుందో బ్యాంకుకు తెలియాలి. ‘ఈమెకు ఇవ్వండి, రేపు ఇంకెవరొచ్చి అడిగినా మీకు పూచీ లేదు’ అని కోర్టు చెప్పే మాటే సర్టిఫికెట్. అంటే అది ముందుగా కాపాడేది బ్యాంకును. డబ్బు తీసుకున్నావిడ అందులో మిగతా వారసుల వాటాలు వాళ్ళకివ్వాలి. ఇవ్వకపోతే వాళ్ళు వేరే దావా వేసుకోవచ్చు, సర్టిఫికెట్ ఆర్డరు దానికి అడ్డం కాదు.

ఇల్లూ పొలమూ ఇందులోకి రావు. వాటికి తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మ్యుటేషన్ అంటే రికార్డుల్లో పేరు మార్పు, పేచీ వస్తే పార్టిషన్ అంటే పంపకాల దావా. నామినీ సంగతీ అంతే. నామినీ డబ్బు చేతికి తీసుకునేవాడు, సొంతదారు కాడు. సుప్రీంకోర్టు 1984లో ఇన్సూరెన్సు పాలసీ కేసులో ఇదే చెప్పింది, 2023లో షేర్ల విషయంలో మళ్ళీ చెప్పింది. ఇన్సూరెన్సుకు మాత్రం 2015లో చట్టం మార్చి, తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు నామినీలైతే ఆ డబ్బు వాళ్ళదే అన్నారు. బ్యాంకు డిపాజిట్లకు ఆ మార్పు లేదు.

ఇక ఓపీ ఎక్కడ వేయాలి? పోయినాయన చివరిదాకా మామూలుగా ఎక్కడ నివసించాడో ఆ పరిధిలో. వినడానికి సులువే. మన ఇళ్ళలో అది ఎంత చిక్కు ప్రశ్నో మీకు తెలుసు. ఆయన ఉద్యోగం విశాఖలో, సొంతిల్లు తెనాలిలో, చివరి రెండేళ్ళు హైదరాబాద్‌లో కొడుకు దగ్గర, ఆధార్ మాత్రం తెనాలి అడ్రసే. కొడుకుకి వీలని హైదరాబాద్‌లో వేస్తే ‘జ్యూరిస్‌డిక్షన్ ఎలా వచ్చిందో చెప్పండి’ అని రిటర్న్ చేస్తారు. ఆస్పత్రి కోసం వచ్చి ఉన్నాడా, కాపురమే మార్చాడా అన్నది తేలాలి. తప్పు కోర్టులో నంబరై, ఏడాది నడిచాక తేలితే, కాగితాలు తీసుకెళ్ళి సరైన కోర్టులో మళ్ళీ వేసుకోవాలి. చాలామంది దీన్నే ‘ట్రాన్స్‌ఫర్ చేశారు’ అంటారు గానీ ఇది ట్రాన్స్‌ఫర్ కాదు, మళ్ళీ మొదటినుంచి మొదలు.

అసలు ట్రాన్స్‌ఫర్ అంటే నడుస్తున్న కేసును ఉన్నదున్నట్టు ఇంకో కోర్టుకు పంపడం. జిల్లా లోపలైతే జిల్లా జడ్జి చేస్తారు. జిల్లా దాటితే హైకోర్టు. రెండు తెలుగు రాష్ట్రాల మధ్యన అయితే? 2018 డిసెంబరు 31 దాకా ఇద్దరికీ ఒకటే హైకోర్టు, అక్కడే అయిపోయేది. 2019 జనవరి 1న హైకోర్టులు విడిపోయాయి. ఇప్పుడు గుంటూరులో కేసు ఖమ్మానికి మార్చాలన్నా ఢిల్లీలో సుప్రీంకోర్టుకే వెళ్ళి అడగాలి. వంద కిలోమీటర్ల పైచిలుకు దూరానికి! అందుకే వేసే ముందే ఆలోచించుకోమంటాను.

అన్నిటికన్నా జనాన్ని తిప్పేది ఆఫీసులో మేం ‘మేడోవర్’ అనే పని. పెద్ద కోర్టులో వేసిన ఓపీని పక్క కోర్టుకు పంపుతారు. కట్ట మీద పాత నంబరు కొట్టేసి కొత్తది రాస్తాం. ఒకావిడ మూడు వాయిదాలు కింద హాల్లో కూర్చుని వెళ్ళిపోయింది. కేసు మేడ మీద కోర్టులో పిలుస్తున్నారు. ఆమె పేరు పిలిచినప్పుడు ఆమె కిందే ఉంది! మూడోసారి డిస్మిస్ అయింది, మళ్ళీ రెస్టోర్ చేయించుకోవడానికి ఇంకో పిటిషన్. ఆ ట్రాన్స్‌ఫర్ లిస్టు నోటీసు బోర్డుకు అంటించింది నేనే. ఆమెకు చదువు రాదన్న సంగతి నాకు తట్టలేదు. ఇప్పుడైతే ప్రతి కేసుకీ సీఎన్ఆర్ నంబరని అక్షరాలూ అంకెలూ కలిపి 16 ఉంటాయి, ఈ-కోర్ట్స్ యాప్‌లో కొడితే ఏ కోర్టులో ఉందో, వాయిదా ఎప్పుడో కనిపిస్తుంది. మనవడి చేత ఫోన్‌లో పెట్టించుకోండి.

రెండో పెద్ద గొడవ పేర్లు. మన ఇంటిపేరు ముందుంటుంది, కంప్యూటర్‌కేమో చివర కావాలి. పాస్‌బుక్‌లో ‘కె.ఎస్.ఎన్. మూర్తి’, ఆధార్‌లో పూర్తి పేరు, డెత్ సర్టిఫికెట్‌లో మున్సిపాలిటీవాళ్ళు ‘సత్యన్నారాయణ’ అని మూర్తిని మింగేస్తారు. ముగ్గురూ ఒకరే అని జడ్జిగారికి ఎలా తెలియాలి? పిటిషన్‌లోనే ‘అలియాస్’ పెట్టి అన్ని రూపాలూ రాయాలి. పిటిషన్‌కు జతచేసే డిపాజిట్ల జాబితాలో, అదే షెడ్యూల్‌లో, అకౌంటు నంబరు ఒక్క అంకె తేడా ఉన్నా, సర్టిఫికెట్ చేతికొచ్చాక బ్యాంకు తిప్పి పంపుతుంది. ఏదైనా డిపాజిట్ మర్చిపోయి తర్వాత దొరికితే మాత్రం కొత్త ఓపీ అక్కర్లేదు, ఉన్న సర్టిఫికెట్‌నే దానికీ వర్తించేలా పొడిగించమని అడగొచ్చు. ఇది చాలామందికి తెలియదు. కొడుకు అమెరికాలో ఉంటే అక్కడ నోటరీ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీకి అపోస్టిల్ (అక్కడి ప్రభుత్వ ధ్రువీకరణ) గానీ మన కాన్సులేట్ ముద్ర గానీ ఉండాలి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి. అది మర్చిపోతే పెనాల్టీతో కట్టుకోవాలి.

వీలునామా సంగతి. మన జిల్లాల్లో హిందువులు రాసిన వీలునామాకు ప్రొబేట్, అంటే అది అసలైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, తప్పనిసరి కాదు, ఎప్పుడూ లేదు. ఆ నియమం పాత మద్రాసు, బొంబాయి నగరాలు, బెంగాల్ వైపు ప్రాంతాలకే ఉండేది. అందుకే మనవాళ్ళలో మద్రాసులో స్థిరపడి టి.నగర్‌లో ఫ్లాట్ కొన్నాయన పోతే, ప్రొబేట్ లేకుండా పని జరిగేది కాదు. తెనాలిలో ఇల్లున్న ఆయన తమ్ముడికి ఆ బెడద లేదు. ఒకే కుటుంబం, ఒకే రకం కాగితం. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ నియమం పెట్టిన, వారసత్వ చట్టంలోని 213వ సెక్షన్‌ను తీసేసింది. నాకైతే అది ఎప్పుడో జరగాల్సిన పని. అయితే ప్రొబేట్ తప్పనిసరి కాకపోవడం వేరు, వీలునామాను రుజువు చేయనక్కర్లేకపోవడం వేరు. రిజిస్టర్ చేయించినా సరే, పేచీ వచ్చినప్పుడు సాక్షి సంతకం చేసినవాళ్ళలో ఒకరైనా బతికుంటే బోనెక్కి చెప్పాలి. మనం సాక్షులుగా ఎవరిని పెడతాం? పక్కింటి పెద్దాయన్ని, పాత హెడ్మాస్టర్‌ని. ఇద్దరూ మనకన్నా ముందు పోతారు. మీకన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాళ్ళ చేత సంతకం పెట్టించండి, డాక్టరు అయితే మరీ మంచిది. ప్రొబేట్ ఓపీలో ఎవరైనా అభ్యంతరం పెడితే అది ఓఎస్‌గా, అంటే మామూలు దావాగా మారిపోతుంది. దాంతో ఏళ్ళు పడుతుంది.

ఇప్పుడు ఆ కేసు. పదేళ్ళు దాటింది, ఊరు చెప్పను. ఒకాయన 46 ఏళ్ళకే గుండెపోటుతో పోయాడు. 12 లక్షల ఎఫ్‌డీలు, నామినీ లేదు. బ్యాంకు సర్టిఫికెట్ తెమ్మంది. భార్య, ఇద్దరు మైనరు పిల్లలు పిటిషనర్లు. రెస్పాండెంట్: నిల్. కాగితాలు చూసింది నేను. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో కూడా ఆ ముగ్గురే. నేను ఎర్ర సిరాతో ఒక ముక్క రాసి రిటర్న్ చేశాను: ‘తల్లి ఉన్నారా? పోయారా?’

హిందూ వారసత్వ చట్టంలో వీలునామా లేకుండా మగవాడు పోతే మొదటి తరగతి వారసుల్లో భార్య, కొడుకులు, కూతుళ్ళతో పాటు తల్లి కూడా ఉంది. ఆ జాబితాలో తండ్రి లేడు, తల్లి ఉంది. తలా ఒక సమాన వాటా. (క్రైస్తవులకు లెక్క వేరు, పిల్లలుంటే భార్యకు మూడో వంతు, మిగతాది పిల్లలకు. ముస్లింలకు వాళ్ళ షరియత్ వాటాలు. సర్టిఫికెట్ పద్ధతి మాత్రం అందరికీ ఒకటే.) ఆ ఇంట్లో తల్లి చిన్నకొడుకు దగ్గర ఉంటోంది, రేషన్ కార్డులో అతనితో ఉంది. కాబట్టి పెద్దకొడుకు ‘కుటుంబం’లోకి రాలేదు. కోడలు దాచిపెట్టిందని నేననను. ఆమెకు నిజంగానే తట్టి ఉండదు.

తల్లిని రెస్పాండెంట్‌గా చేర్చి మళ్ళీ వేశారు. నోటీసు వెళ్ళింది. వాయిదాకి ఆవిడ వచ్చింది, డెబ్బై పైనే ఉంటాయి, చేతిలో గుడ్డ సంచీ. ప్లీడరుగారి దగ్గర ‘అభ్యంతరం లేదు’ అని టైపు చేసిన కాగితం సిద్ధంగా ఉంది, వేలిముద్ర ఒక్కటే తక్కువ. జడ్జిగారు ఆ కాగితం పక్కన పెట్టి, ఆవిడను దగ్గరకు పిలిచి తెలుగులో అడిగారు:

“అమ్మా, మీ వాటా వదులుకుంటున్నారా?”

“వాటా అంటే ఎంత బాబూ?”

“నాలుగో వంతు. మూడు లక్షలు.”

ఆవిడ కొంచెంసేపు ఏమీ అనలేదు. హాల్లో అందరం ‘మనవలకి ఇచ్చేయండి’ అంటుందనే చూస్తున్నాం. నేను డాకెట్‌లో సగం రాసేశాను కూడా.

“అయితే నాకు కావాలి బాబూ” అంది.

నేను రాసింది కొట్టేశాను. ప్లీడరుగారు కాగితం మడిచి ఫైల్లో పెట్టుకున్నారు. తర్వాతి వాయిదాలో నలుగురి పేరా మూడేసి లక్షలకు ఆర్డరైంది. పిల్లల వాటాలు మేజరయ్యేదాకా డిపాజిట్‌లో ఉంచమన్నారు. ఆ రోజు వరండాలో అత్తా కోడళ్ళు చెరో బెంచీ మీద కూర్చున్నారు. చిన్నపిల్లాడు మాత్రం ఈ బెంచీకీ ఆ బెంచీకీ తిరుగుతూనే ఉన్నాడు. కోడలికి అన్యాయం జరిగిందని మా ఆఫీసులో సగం మంది అన్నారు. ఇద్దరు పిల్లలతో ఆమె ఎలా బతకాలి అని. ఆ మాటా నిజమే. నేను మాత్రం ఆ ముసలావిడ పక్షమే.

ఇప్పుడైతే ఆ కేసు మా దాకా వచ్చేది కాదు. రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశాలిచ్చింది. నామినీ, వీలునామా లేకపోయినా, తగాదా లేకపోతే 15 లక్షల దాకా, సహకార బ్యాంకుల్లో 5 లక్షల దాకా, సక్సెషన్ సర్టిఫికెట్ అడగకుండా సెటిల్ చేయాలి. కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో డబ్బివ్వాలి, ఆలస్యమైతే వడ్డీతో సహా. 2026 మార్చి 31 లోగా బ్యాంకులన్నీ దీన్ని అమలు చేయాలన్నారు. చాలా మంచి మార్పు. కోర్టు ఫీజు, ప్లీడరు ఫీజు, ఏడాది తిరుగుడు తప్పుతుంది. మీ పిల్లలకి ఈ సంగతి చెప్పి ఉంచండి.

అయితే ఆ పద్ధతిలో డబ్బు తీసుకోని వారసుల దగ్గర నో అబ్జెక్షన్ సంతకాలు తీసుకుంటారు. ఆ ముసలావిడలాంటివాళ్ళు కౌంటరు ముందు నిలబడి వేలిముద్ర వేసేటప్పుడు ‘ఎంత బాబూ’ అని అడిగితే, వెనకాల ఇరవైమంది క్యూలో ఉండగా, ఆ గుమాస్తా తలెత్తి చెప్తాడా? నా అనుమానం నాది. మీలో బ్యాంకుల్లో చేసి రిటైరైనవాళ్ళు ఉన్నారు, మీరే చెప్పాలి.

ప్రశ్నలుంటే అడగండి. కాగితాలు తెచ్చినవాళ్ళు జిరాక్సులు మాత్రమే బయటికి తీయండి, ఒరిజినల్స్ సంచీలోనే ఉంచుకోండి.