“నన్ను ఆటలో కలుపుకోవడం లేదు”: బడిలో ఒంటరైన బిడ్డకు అండగా ఎలా నిలబడాలి?

[తెరపై: విరామ సమయం. బడి ఆవరణలో గుంపులుగా పిల్లలు. ఒక బాలిక గోడ వారగా నడుస్తూ ఉంటుంది.]

వ్యాఖ్యాత: స్నేహితులు తమను దూరం పెడుతున్నారన్న సంగతిని పిల్లలు సూటిగా చెప్పడం అరుదు. పొద్దున్నే కడుపు నొప్పి అంటారు, సెలవు ముగిసే సాయంత్రం నుంచే ముభావంగా మారిపోతారు, నిన్నటి దాకా నోట్లో నానిన పేరును ఉన్నట్టుండి ఎత్తడం మానేస్తారు. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. అయితే ఇలాంటివి రెండు మూడు కలిసి వారాల తరబడి కొనసాగుతున్నప్పుడు, నెమ్మదిగా అడిగి తెలుసుకోవలసినది ఏదో ఉందని అనుకోవాలి.

పోయిన జట్టును ఎలాగైనా తిరిగి తెచ్చిపెట్టాలని చాలామంది తల్లిదండ్రులు తాపత్రయపడతారు. అది సహజమే కానీ, ఆ జట్టు తలుపులు మన చేతిలో లేవు. జరుగుతున్నది ఏమిటో సరిగ్గా గుర్తించడం, బిడ్డకు ఒక్క నికరమైన స్నేహమైనా దొరికే వీలు కల్పించడం మాత్రం మన చేతిలో ఉన్నాయి. ఈ వీడియోలో ఆ రెండింటి గురించే మాట్లాడుకుందాం.

[తెరపై: కంప్యూటర్ తెర మీద మూడు బొమ్మలు బంతి విసురుకుంటాయి. కాసేపటికి బంతి రెండు బొమ్మల మధ్యే తిరుగుతుంది.]

వ్యాఖ్యాత: “పట్టించుకోకు, వాళ్లు కాకపోతే ఇంకొకళ్లు” అన్న ఓదార్పు ఎందుకు పనిచేయదో ముందుగా చూద్దాం. వెలివేత మీద ఏళ్ల తరబడి పరిశోధించిన మనస్తత్వవేత్త కిప్లింగ్ విలియమ్స్, మీరు చూస్తున్న ఈ బంతి ఆటనే ప్రయోగంగా మలిచారు. కొద్ది నిమిషాలు బంతి రాకపోతేనే, ముక్కూ మొహం తెలియని వాళ్లతో ఆడుతున్న పెద్దవాళ్లు కూడా చిన్నబుచ్చుకున్నారు. ఎదుట ఆడుతున్నది మనుషులు కాదు, కంప్యూటరే అని ముందుగా చెప్పినా ఆ బాధ తప్పలేదని 2004లో వెలువడిన అధ్యయనం చూపింది. అంతకు ఏడాది ముందు, అంటే 2003లో, నయోమీ ఐసెన్‌బర్గర్, మాథ్యూ లీబర్‌మన్‌లతో కలిసి విలియమ్స్ ఇదే ఆట ఆడుతున్నవారి మెదడును స్కాన్ చేసినప్పుడు, ఒంటికి దెబ్బ తగిలినప్పుడు కలిగే బాధతో సంబంధమున్న ఒక ప్రాంతం చురుగ్గా కనిపించింది. ఆ ప్రాంతం మెదడు చేసే ఇతర పనుల్లోనూ పాలుపంచుకుంటుంది కాబట్టి రెండు నొప్పులూ ఒకటేనని తేల్చలేం. తెలివితో సర్దిచెప్పుకున్నంత మాత్రాన ఈ బాధ పోదన్నది మాత్రం స్పష్టం. పెద్దవాళ్ల సంగతే ఇలా ఉంటే, రోజూ అదే తరగతి గదికి వెళ్లక తప్పని పిల్లల సంగతి ఊహించుకోవచ్చు.

[తెరపై: బల్ల దగ్గర తల్లి, కూతురు. కూతురు కాగితం మీద బడి ఆవరణ బొమ్మ గీస్తుంది.]

వ్యాఖ్యాత: కాబట్టి మొదటి సంభాషణలో సలహా ఉండకూడదు. “నువ్వేం చేశావు?” అన్న ప్రశ్న, మనం ఎంత మెత్తగా అడిగినా, తప్పు తనదేనన్నట్టుగా బిడ్డకు వినిపిస్తుంది. “నేనొచ్చి అందరి సంగతీ తేలుస్తాను” అన్న మాట అంతకన్నా ప్రమాదకరం, ఎందుకంటే ఆ తర్వాత బిడ్డ మనకేమీ చెప్పదు. “అలా జరిగితే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది తల్లీ, చెప్పు, వింటాను” అని ఊరుకోవడం చాలు. చెప్పడానికి మొహమాటపడే పిల్లల చేత, విరామంలో ఎవరు ఎక్కడ ఉంటారో, తాను ఎక్కడ ఉంటుందో బొమ్మ గీయించవచ్చు. మాటల్లో దాచుకున్నది చాలాసార్లు ఆ బొమ్మలో బయటపడుతుంది.

అక్కడి నుంచి అసలు పని మొదలవుతుంది. ఇవాళ పచ్చి అనుకుని రేపు మళ్లీ జట్టు కట్టే తగాదా అయితే, పెద్దలు వేలు పెట్టకపోవడమే మేలు. అది కాదని తేలితే, 1982లో మనస్తత్వ పరిశోధకులు జాన్ కోయీ, కెనెత్ డాడ్జ్, హైడీ కొపొటెలీ చేసిన విభజన మనకు ఉపయోగపడుతుంది. తరగతిలో ఎవరంటే బాగా ఇష్టం, ఎవరంటే ఇష్టం లేదు అని వారు పిల్లలనే అడిగారు. కొందరి పేరును ఇష్టమనీ దాదాపు ఎవరూ చెప్పలేదు, అయిష్టమనీ దాదాపు ఎవరూ చెప్పలేదు. వారు ఎవరి దృష్టిలోనూ పడనివారు. మరికొందరి పేరు ఇష్టం లేదన్న జాబితాలోనే ఎక్కువగా వచ్చింది. బయటి నుంచి చూస్తే ఇద్దరూ ఒంటరివాళ్లే, అయినా ఇద్దరికీ కావలసిన సాయం ఒకటి కాదు.

[తెరపై: ఆడుతున్న గుంపు పక్కన ఒక బాలుడు నిలబడి చూస్తాడు. పక్కకు పోయిన బంతిని తెచ్చి అందిస్తాడు. ఆటలో కలుస్తాడు.]

వ్యాఖ్యాత: ఎవరి దృష్టిలోనూ పడని బిడ్డకు, ఆటలోకి ప్రవేశించే ఒడుపు నేర్పాలి. గుంపులోకి కొత్తగా చేరబోయే పిల్లల మీద మార్తా పుటల్లజ్, జాన్ గాట్‌మన్ 1981లో ప్రచురించిన పరిశీలన ఇందుకు బాగా పనికొస్తుంది. తోటివారి ఆదరణ తక్కువగా ఉన్న పిల్లలు, జరుగుతున్న ఆటను ఆపి తమ గురించి చెప్పుకోవడం, అభ్యంతరాలు లేవనెత్తడం, ప్రశ్నలు వేయడం ఎక్కువగా చేసేవారు. దాంతో గుంపు వారిని పట్టించుకునేది కాదు. కాబట్టి ముందు కాసేపు చూడాలి, అక్కడ నడుస్తున్నది ఏమిటో అర్థం చేసుకోవాలి, ఆ తర్వాత దానికి పనికొచ్చే చిన్న పనితో లోపలికి వెళ్లాలి. “నన్నూ ఆడించుకుంటారా?” అని అడిగితే “వద్దు” అనడం ఎదుటివారికి చాలా సులభం. ఇంట్లో మనం ఆడుతున్నట్టు నటిస్తూ, బిడ్డ చేత ఈ ప్రవేశాన్ని సాధన చేయించవచ్చు. ఒక్కోసారి కావాలనే “వద్దు” అని, అప్పుడేం చేయాలో కూడా చూడాలి.

అయిష్టాన్ని మూటగట్టుకున్న బిడ్డ విషయంలో తల్లిదండ్రులకు గుండె నిబ్బరం కావాలి. ఓడిపోతే ఆట చెడగొట్టడం, ఎవరి వంతూ రానివ్వకపోవడం, చేయి చేసుకోవడం వంటి కారణాలు ఉండవచ్చు; వాటిని మన కన్నా ముందు ఉపాధ్యాయులే గమనించి ఉంటారు. అడగాలి, చెప్పినప్పుడు వాదించకుండా వినాలి. అన్నీ ఒకేసారి మార్చబోకుండా ఒక్క అలవాటును ఎంచుకుని, ఇంట్లో, ప్రశాంతంగా ఉన్న సమయంలో దాని మీద పనిచేయాలి.

[తెరపై: ఫోన్‌లో గ్రూపు నుంచి ఒక పేరు తొలగించినట్టు కనిపిస్తుంది.]

వ్యాఖ్యాత: పై రెండింటికీ భిన్నమైనది, ఒకరిద్దరి నాయకత్వంలో పథకం ప్రకారం జరిగే వెలివేత. “దానితో మాట్లాడితే నీతోనూ మాట్లాడం” అని మిగతావారిని బెదిరించడం, పుకార్లు పుట్టించడం, ఒక్కరిని తీసేసి కొత్త గ్రూపు పెట్టడం దీని పద్ధతులు. చేయి ఎత్తకుండా సంబంధాలనే ఆయుధంగా వాడే ఈ తీరును 1995లో నికీ క్రిక్, జెన్నిఫర్ గ్రాట్‌పీటర్ తమ పరిశోధనలో ఒక రకమైన దూకుడుగానే నిర్వచించారు. ఇక్కడ బిడ్డకు మెళకువలు నేర్పి సరిపెట్టడం అన్యాయం, పెద్దలు కలగజేసుకోవాలి.

ఏ రోజు ఏమి జరిగిందో తేదీలతో రాసిపెట్టుకుని, బిడ్డకు ముందుగా చెప్పి, తరగతి ఉపాధ్యాయుల దగ్గరకు వెళ్లాలి. “ఫలానా పిల్లను శిక్షించండి” అనే కన్నా, “విరామంలో మీకు ఏం కనిపిస్తోంది? రెండు వారాలు గమనించి చెబుతారా?” అని అడిగితే సహకారం దొరికే అవకాశం ఎక్కువ. జట్లను పిల్లలకే వదిలేయకుండా ఉపాధ్యాయులే కూర్చడం, సౌమ్యంగా ఉండే ఒకరి పక్కన కూర్చోబెట్టడం వంటివి అడగదగిన కోరికలు. వెలివేసినవారినీ వెలికి గురైన బిడ్డనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి చేతులు కలిపించే రాజీకి మాత్రం ఒప్పుకోవద్దు, ఎందుకంటే బలం ఒకవైపే ఉన్నప్పుడు గది దాటగానే దాని ఫలితం బిడ్డ మీదే పడుతుంది. అవతలి తల్లిదండ్రులకు కోపంలో ఫోన్ చేయడమూ సాధారణంగా ఇలాగే బెడిసికొడుతుంది.

[తెరపై: ఇద్దరు పిల్లలు నేల మీద కూర్చుని ఏదో నమూనా తయారు చేస్తుంటారు.]

వ్యాఖ్యాత: ఇదంతా నడుస్తుండగానే ఒక్క స్నేహం కోసం ప్రయత్నించాలి. ఎర్నెస్ట్ హాడ్జెస్ బృందం 1999లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక ఆప్తమిత్రుడు ఉన్న పిల్లల మీద వేధింపు పెరిగే అవకాశం తక్కువగా కనిపించింది. తరగతి మొత్తానికి నచ్చనవసరం లేదు. బిడ్డ ఎవరి పేరు కాస్త ఇష్టంగా చెబుతుందో విని, ఆ ఒక్కరినే, ఒక గంటో రెండు గంటలో, చేయడానికి ఏదైనా పని ఉండేలా చూసి ఇంటికి పిలవండి. ఇద్దరిని పిలిస్తే వారిద్దరూ ఒకటై మన బిడ్డ మిగిలిపోయే ప్రమాదం ఉంటుంది. బడితో సంబంధం లేని సంగీతమో, ఆటలో, చదరంగమో నేర్చుకునే చోటు కూడా మంచిదే. అక్కడ బిడ్డకు పాత పేరు ఉండదు.

బడి మార్చడం గురించి తొందరగా ఆలోచించేవారు ఎక్కువ. పథకం ప్రకారం వెలివేత జరుగుతూ, పదేపదే చెప్పినా బడి కదలకపోతే అది సరైన నిర్ణయమే కావచ్చు. ప్రవేశించే ఒడుపు తెలియకపోవడమే కారణమైతే, అదే ఇబ్బంది కొత్త బడిలోనూ ఎదురవుతుంది. ఇక నిద్ర, తిండి బాగా తగ్గినా, బడి పేరు చెబితేనే వణికిపోతున్నా, పిల్లల మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లడం వాయిదా వేయకండి. “నేను లేకపోతే బాగుండు” వంటి మాట వినిపిస్తే, అది ఉత్తుత్తి బెదిరింపేమోనన్న లెక్కలు వేసుకోకుండా, బిడ్డను ఒంటరిగా వదలకుండా, ఆ రోజే వైద్య సహాయం తీసుకోండి.